సీలు వేసిన గదిలో నేను కూడా ఉన్నాను

ఆబ్కారీ సూపరింటెండెంటు గారి సముఖమునకు,

గువ్వలకుంటపల్లి కాపురస్తురాలు, కీర్తిశేషులు అశ్వత్థప్ప భార్య వెంకటలక్ష్మమ్మ, వయసు డెబ్బై దాటినది, వ్రాసుకొను అర్జీ.

విషయం: మా ద్రాక్షతోటలోని రుచి గదికి సీలు వేసినప్పుడు నేను లోపలే ఉండిపోయిన సంగతి తెలియజేసుకొని, తలుపు తీయించమని కోరడం గురించి.

అయ్యా,

ముందుగా తమరి ఆరోగ్యం ఎలా ఉంది? పెద్ద ఆఫీసరు గనుక ఊరూరూ తిరగాల్సి ఉంటుంది, వేళకు అన్నం ఉండదు. ఈ ఆషాఢం గాలి చెవుల్లో దూరితే తలనొప్పి పట్టుకొంటుంది, జీపులో పోయేటప్పుడు చెవులకు గుడ్డ కట్టుకోవలెను. ఇంట్లో అమ్మగారు, పిల్లలు బాగున్నారని తలుస్తాను. ఇన్‌స్పెక్టరు క్రాంతి కుమార్ గారికి దగ్గు తగ్గిందా? శనివారం మా వాకిట్లో ఉన్నంత సేపూ దగ్గుతూనే ఉన్నారు. అది పొడి దగ్గు, అశ్రద్ధ చేయకూడదు. జీపు డ్రైవరు గారు నడుము పట్టేసిందని మా కోడలితో అంటుంటే విన్నాను, ఆయనకు ఎలా ఉంది? సీలు వేసినాయన చేతి మీద కరిగిన లక్క పడి "అబ్బా" అన్నారు. బొబ్బ ఎక్కి ఉంటుంది. దాన్ని గిల్లవద్దని, కలబంద గుజ్జు రాసుకోమని చెప్పవలెను. నేను అప్పుడే చెప్పి ఉండేదాన్ని. కానీ ఆయన తలుపుకు అవతల ఉన్నారు, నేను ఇవతల ఉన్నాను.

ఇక్కడ మావాళ్లంతా బయట క్షేమం. నేను లోపల క్షేమం.

ఈ కాగితాల వెనక అచ్చు వేసిన మాటలను తమరు చిత్తగించవద్దు. బెంగుళూరు నుంచి కార్లలో వచ్చేవాళ్లు మా వైను నోట్లో వేసుకొని, రంగు ఎలా ఉంది, వాసన ఎలా ఉంది, రుచి నాలుక మీద ఎంత సేపు నిలిచింది అని రాసిపోయే కాగితాలు ఇవి. గదిలో రాయడానికి ఇవి తప్ప వేరే లేవు. నా చదువు ఐదో తరగతి. మా ఆయన బతికినన్నాళ్లూ కరెంటు కోసం, బోరు కోసం, బస్సు ఆపడం కోసం అర్జీలు రాసేవాడు, రాసింది నాకు చదివి వినిపించేవాడు. ఈ మాటలు నాకు అట్లా వచ్చాయి. తప్పులుంటే ఆయనవి కావు, నావి.

1. మాది సోమందేపల్లి నుంచి పెనుకొండకు పోయే దారిలో, రోడ్డు దిగితే కనబడే చిన్న తోట. అందులో నల్ల ద్రాక్ష. అంతకు ముందు మా ఆయన పట్టుపురుగులు పెంచేవాడు, గూళ్లు హిందూపురం మార్కెట్టుకు వేసేవాడు. ఆయన చేతులతోనే ద్రాక్ష పందిరి కూడా లేచింది. నా మనవరాలు భవ్య వైను చేసే విద్య చదువుకొని వచ్చి, కాయను లారీకి ఎత్తడం కాదు, మనమే పిండి వైను చేద్దాం అని కూర్చుంది. ఇంటిల్లిపాదీ భయపడ్డాం, నేను ఎక్కువ భయపడ్డాను. లైసెన్సు తమ ఆఫీసు వారే ఇప్పించారు. పురుగులు పెంచిన పాత గదికి సున్నం కొట్టి, బల్లలు వేసి, వెనక పక్క లోపలి నుంచే పోయేట్టు స్నానాల గది కట్టి, అందానికని నా కంటే ఎత్తైన చెక్క పీపా ఒకటి నిలబెట్టి, దీనికి రుచి గది అని పేరు పెట్టారు. పట్టుపురుగుల గది అంటే ఎలుక దూరకూడదు, చీమ దూరకూడదు. అందుకని మా ఆయన ఒకే తలుపు, ఒకే కిటికీ పెట్టి, కిటికీకి దగ్గర దగ్గరగా కడ్డీలు వేయించాడు. బాగా కట్టాడు. ఇప్పుడు అదే నాకు వచ్చిపడింది.

2. లైసెన్సు కొత్త చేసే కాగితం ఎక్కడో ఆగింది. అందుకు నేను ఎవరినీ తప్పు పట్టడం లేదు, కాగితాలకు వాటి కష్టాలు వాటికి ఉంటాయి. అది వచ్చే వరకు రుచి గది మూసి ఉంచాలని ఇన్‌స్పెక్టరు గారు శనివారం వచ్చారు. మర్యాదగా మాట్లాడారు. మా కోడలు అలివేలు మజ్జిగ ఇస్తే తాగారు.

3. నేను లోపల ఎందుకు ఉన్నానో తమరికి చెప్పుకోవాలి. చెప్పకపోతే కావాలని దాక్కొన్నానని అంటారు. కావాలనే దాక్కొన్నాను, కానీ సీలుకు అడ్డం పడటానికి కాదు.

మా ఆయన పోయినప్పటి నుంచి ఇంట్లో ఎవరైనా పని మీద బయలుదేరుతుంటే నేను ఎదురు రాను. రావద్దని ఎవరూ అనలేదు. నాకు నేనే పక్కకు పోతాను. మా అబ్బాయి నాగరాజు బ్యాంకుకు బయలుదేరితే వంటింట్లోకి పోతాను. భవ్య పరీక్షలకు పోయిన రోజుల్లో పశువుల కొట్టంలో ఉన్నాను. బోరు బండి వచ్చినప్పుడు పక్కింట్లో కూర్చున్నాను, అయినా నీళ్లు పడలేదు, అది వేరే సంగతి. ఈ రుచి గది తెరిచిన రోజు నేను పందిరి ఆ చివరన ఉన్నాను. కట్టిన రిబ్బను ఏ రంగుదో నాకు ఇప్పటికీ తెలియదు. అందరూ పోయినాక వచ్చి గ్లాసులు కడిగాను. అప్పటి నుంచి గ్లాసులు తుడిచే పని నాదే. మా ఆయన పాత పంచె ముక్కతో తుడుస్తాను, దానికి నూగు అంటదు.

శనివారం కూడా గ్లాసులే తుడుస్తున్నాను. గుమ్మం దగ్గర ఇన్‌స్పెక్టరు గారి గొంతు వినబడింది.

"రాప్పా నాగరాజూ, ఇది మూసేసి అట్లే ఆఫీసుకు పోదాం. నీ కాగితం యాడ ఆగిందో ఈ పొద్దే చూద్దాం."

అంటే నా కొడుకు లైసెన్సు పని మీద బయలుదేరుతున్నాడు. తోట, వైను, భవ్య చదువు, అన్నీ ఆ కాగితం మీదే ఉన్నాయి. అటువంటి పనికి పోయేవాడికి నేను ఎదురు పడటమా? పంచె ముక్క చేతిలోనే ఉంది, పీపా వెనకకు జరిగి నిలబడ్డాను.

"లోపల ఎవురన్నా ఉండారా?" అని ఇన్‌స్పెక్టరు గారు గట్టిగానే అడిగారు. అడగలేదని నేను ఎక్కడా చెప్పను.

"ఎవురూ లేరు సార్. మా యమ్మ ఉండాల్సింది, తోటలోకి పోయినట్లుండాది," అన్నాడు నాగరాజు.

పలకాలని మాట నోటి దాకా వచ్చింది. పలికితే వాడు ఇటు తిరుగుతాడు. పని మీద పోతూ మొదట నన్నే చూస్తాడు. ఈ కాస్త సేపు గడిస్తే చాలు, వాళ్లు జీపు ఎక్కినాక పోదాం అనుకొన్నాను. తలుపు మూసుకొంది. తాళం పడింది. తాళమే కదా, అలివేలు దగ్గర ఇంకొక చెవి ఉంది అనుకొన్నాను. తరువాత లక్క వాసన వచ్చింది.

4. అప్పుడైనా అరవవచ్చు కదా అని తమరు అడుగుతారు. అందరూ అదే అడుగుతున్నారు. జీపు కదిలింది కదయ్యా. పోయేవాళ్లను వెనక నుంచి పిలవకూడదు. జీపు రోడ్డెక్కి, దాని చప్పుడు లారీల చప్పుడులో కలిసిపోయేదాకా నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నిలబడ్డాను. అప్పుడు పిలిచాను.

"అలివేలూ."

"యాడ నుంచి అత్తా?"

"ఈడ. లోపల."

"లోపలంటే యాడ?"

"సీలు లోపల."

మజ్జిగ గ్లాసులు కింద పడిన చప్పుడైంది. "అయ్యో దేవుడా! దినామూ నాతో కొట్లాడే నోరు, అప్పుడు యాడికి పాయె అత్తా నీకు?" అని తలుపు అవతల కూలబడి ఏడ్చింది. నా కోడలు నా కోసం ఏడ్వడం నేను విన్నది అదే మొదలు. ఏడ్వద్దని ఇవతల నుంచి చెప్పాను.

5. నాగరాజు ఆఫీసు నుంచి వచ్చి, సంగతి తెలిసి, ఇన్‌స్పెక్టరు గారికి ఫోను చేశాడు. అందరూ వినాలని ఫోను పెద్దగా పెట్టాడు గనుక కిటికీ దగ్గర నాకూ వినబడింది. అది ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను, ఎవరి మీదా చాడీ కాదు.

"అదెట్లుంటాదప్పా? నేనడిగితే నువ్వే లేరంటివి. పంచనామాలో మనుషులెవరూ లేరని రాసి, నీ సంతకం, సాక్షికని ఆ మేకల మారెప్ప సంతకం తీసుకొంటిమి."

"అప్పుడు తెలీదు సార్. ఇప్పుడుండాది సార్ మా యమ్మ."

"ఇప్పుడుంటే సీలు వేసినాక పోయినట్ల. సీలు చెరిపి పోయినట్ల. దానికి కేసు వేరే ఉండాది."

"సీలు అట్లే ఉండాది సార్."

"సీలు అట్లే ఉంటే ఆమె లేనట్ల."

ఇన్‌స్పెక్టరు గారు కాసేపు దగ్గి, గొంతు తగ్గించి, "నువ్వే చెప్పప్పా, మనిషిని లోపల పెట్టి సీలేసినానని రాస్తే నా ఉద్యోగం ఏమైతాది? పెద్దసారు క్యాంపులో ఉండారు. ఆయనొచ్చి తీస్తే ఎవురికీ మాట రాదు. అంతదాకా యమ్మను ఓర్చుకోమను," అన్నారు.

నేను ఆ మాట మీద చాలా ఆలోచించాను, ఇక్కడ ఆలోచించడం తప్ప పని లేదు. నేను లోపల ఉన్నానంటే ఇన్‌స్పెక్టరు గారికి మాట వస్తుంది. ముందు నుంచీ ఉన్నానంటే నా కొడుకు, మారెప్ప అబద్ధం సంతకం పెట్టినట్టవుతుంది. తరువాత వచ్చానంటే నేను సీలు చెరిపినట్టవుతుంది. లేనంటే బయటికి రావడానికి లేదు. ఇందులో చెడ్డవాళ్లు ఒక్కరూ లేరు. అందుకే నాకు ఎక్కువ భయంగా ఉంది. చెడ్డవాడు ఉంటే వాడిని తిట్టుకొని కూర్చునేదాన్ని.

కడ్డీలు కోయిస్తానని నాగరాజు రంపం తెచ్చాడు. కాపలా కానిస్టేబులు అంజనప్ప చేతులు అడ్డం పెట్టి, "కిటికీ ఒకటి, కడ్డీలతో సహా అని పంచనామాలో ఉండాదన్నా," అన్నాడు. అంజనప్ప అనకపోయినా నేనే వద్దనేదాన్ని. అవ్వ వల్ల లైసెన్సు పోయిందని రేపు భవ్య ముందు ఎవరూ అనకూడదు.

6. అంజనప్ప గురించి. తమ ఆఫీసు వారు సీలుకు కాపలాగా పంపిన మనిషి. అతని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. మోకాళ్లు వాచి ఉన్నాయి, పగలంతా గడప దగ్గర కూర్చోబెట్టకుండా కుర్చీ ఇప్పించవలెను. అలివేలు కిటికీలోంచి అన్నం ఇచ్చేటప్పుడు అతను రోడ్డు వైపు తిరిగి కూర్చొంటాడు.

"ఎందుకప్పా అట్ల తిరుక్కొంటావు?" అని అడిగాను.

"అన్నం లోపలికి పోతావుంటే చూసినట్ల అయితాదవ్వా. తినేదానికి లోపల మనిషి ఉన్నట్ల అయితాది. నువ్వు ఉండావని నేను చెప్పలేను, లేవని చెప్పేదానికి నాకు నోరు రాదు. నన్నెవురూ అడక్కుండా ఉంటే చాలు."

సంగటి ముద్ద కడ్డీల మధ్య పట్టదు. అలివేలు నిమ్మకాయలంత ముద్దలు చేసి ఒక్కొక్కటే ఇస్తుంది. అంజనప్పకు మామూలు ముద్ద పెడుతుంది. అతను అది తినడానికి సిగ్గుపడుతున్నాడు.

7. మంగళవారం ఒకటో తేదీ. సచివాలయం అమ్మాయి నిఖిత పింఛను ఇవ్వడానికి మిషను తీసుకొని వచ్చింది. నన్ను ఇంట్లో వెతికి, తోటలో వెతికి, చివరికి కిటికీ దగ్గరికి వచ్చింది.

"ఏమవ్వా, లోపలుండావు? తాళం వేసుకొని పోయినారా నిన్ను?"

"ఊరికే వేలిముద్ర తీసుకొని పో తల్లీ, ఏమీ అడగద్దు," అన్నాడు అంజనప్ప, రోడ్డు వైపు చూస్తూనే.

కడ్డీల మధ్య నుంచి వేలు బయటికి పెట్టాను. మిషను మొదట ఒప్పుకోలేదు. పంచె ముక్కతో తుడిచి పెడితే ఒప్పుకొంది. ఫోటో కూడా తీసింది, అందులో నా ముఖానికి అడ్డంగా కడ్డీలు పడ్డాయి. అయ్యా, ప్రభుత్వం వారి మిషను నేను బతికి ఉన్నానని, ఇక్కడే ఉన్నానని ఒప్పుకొంది. ప్రభుత్వం వారి పంచనామా ఇక్కడ ఎవరూ లేరని అంటోంది. రెండూ తమవే. నేను దేనికి కట్టుబడి ఉండాలో తమరే తెలియజేయవలెను. ఒకవేళ లోపల నాకు ఏమన్నా అయితే, లేని మనిషి చనిపోయిందని ఎవరు రాస్తారు, ఎట్లా రాస్తారు అని కూడా భయంగా ఉంది. ఈ మాట నాగరాజుకు చెప్పలేదు.

8. సీసాల గురించి. తమ వాళ్లు లెక్కపెట్టిన సీసాలు లెక్కపెట్టినట్టే ఉన్నాయి. నేను ఒక్క చుక్క ముట్టలేదు. ఈ మాట ఎందుకు రాయాల్సి వచ్చిందంటే, సంతకం పెట్టిన మారెప్ప మేకలు తోలుకుపోతూ కిటికీ దగ్గర ఆగి, "ఏమక్కా, ఒక్కదానివే కూచోని ఎన్ని బుడ్లు దించితివి?" అని ఊరంతా వినేట్టు అడిగాడు.

"సంతకం పెట్టేటప్పుడు కండ్లు కనపళ్లేదు నీకు. ఇప్పుడు బుడ్లు మాత్రం కనపడతాండాయా?" అన్నాను.

మేకలను అదిలించుకొంటూ పోయాడు. అయినా ఊళ్లో ఆ మాట తిరుగుతుంది. ఒక గ్లాసు మాత్రం తక్కువ వస్తుంది. మొదటి రోజు చేయి జారి పడిపోయింది. ముక్కలన్నీ ఏరి గుడ్డలో మూట కట్టి పీపా పక్కన పెట్టాను. దానికి నా కొడుకు బాధ్యుడు కాడు.

9. కిటికీలోంచి నాకు పందిరి చివరి వరుస ఒకటే కనబడుతుంది. కాయ నల్లబడింది. గోరింకలు దిగుతున్నాయి. డబ్బా కొట్టి వాటిని లేపేదాన్ని నేనే. ఇక్కడ నుంచి కంచం మీద గరిటెతో కొడుతున్నాను, అవి లేవడం లేదు, కంచం చప్పుడు వాటికి అలవాటైపోయింది. వాన పడితే కాయ పగులుతుంది. కాయ పిండాల్సిన పిల్ల పిండడం మానేసి కిటికీ కింద కూర్చొని, "అవ్వా, భయం లేదు, నేనుండా," అంటోంది. దాని పని చెడుతుందని చెబితే వినదు.

ఇంకొకటి. ఈ గాలికి తలుపు కొట్టుకొంటోంది. కొట్టుకొని కొట్టుకొని లక్క పగులుతుందేమో, పగిలితే లోపలి నుంచి నేనే పగలగొట్టానంటారేమో అని తలుపుకు వీపు ఆనించి కూర్చొంటున్నాను. అవతల అంజనప్ప కూడా అదే భయంతో తలుపుకు వీపు ఆనించి కూర్చొన్నాడని నిన్ననే తెలిసింది. తమరి సీలును మేమిద్దరం రెండు పక్కల నుంచీ కాపాడుతున్నాం.

కావున తమరిని ప్రార్థించేది ఏమనగా:

అ. తమరు స్వయంగా దయచేసి సీలు తీయించవలెను.

ఆ. తీయించేటప్పుడు ఇన్‌స్పెక్టరు గారికి గాని, నా కొడుకుకు గాని, మారెప్పకు గాని మాట రాకుండా చూడవలెను. నాకు తోచింది ఒకటి ఉంది. గదిలోని సామాను పట్టీలో బల్లలు, కుర్చీలు, గ్లాసులు, చెక్క పీపా ఒకటి అని రాశారట. దాని కింద ముసలమ్మ ఒకటి అని కలుపుకొంటే, మనుషులెవరూ లేరన్న మాట మనుషులెవరూ లేరన్నట్టే ఉంటుంది. సామానులో చేరడానికి నాకు అభ్యంతరం లేదు. వేలిముద్ర కావాలన్నా వేస్తాను.

~~ఇ. తలుపు తీసేటప్పుడు తమరు ఎదురుగా నిలబడవద్దు. మా కోడలు అలివేలు పసుపు కుంకుమలతో ఉన్న మనిషి, ఆమెను ముందు నిలబెట్టుకోవలెను. నేను పీపా వెనక ఉంటాను. తమరు వచ్చి కూర్చున్నాక గోడ పక్క నుంచి బయటికి పోతాను. తమరి ఉద్యోగానికి నా వల్ల ఏ అడ్డూ రాకూడదు.~~

ఈ. ఏ రోజు దయచేసినా రాహుకాలం చూసుకొని దయచేయవలెను.

ఇంకా రాయడానికి కాగితాలు ఉన్నాయి గాని వేళ్లు తిమ్మిరెక్కాయి. ముసలిదాని గోల అని పక్కన పెట్టకుండా, ఉన్న మనిషిని ఉన్నట్టుగా చిత్తగించవలెను.

తమ విధేయురాలు, లోపలి నుంచి,
వెంకటలక్ష్మమ్మ
బుధవారం, 2-7-2025

తా.క.: పైన 'ఇ' అనే కలం కొట్టివేసి ఉండటం తమరు చూసే ఉంటారు. ఎందుకు కొట్టివేశానో చెప్పాలి.

పొద్దున సంతకం పెట్టి కాగితాలు మడిచి నాగరాజును పిలిచాను. వాడు ఆఫీసుకు పోవడానికి తెల్ల చొక్కా వేసుకొని సిద్ధంగా ఉన్నాడు. పని మీద పోయేవాడు గనుక నేను గోడ చాటున నిలబడి, చేయి మాత్రం కిటికీలోంచి బయటికి పెట్టి కాగితాలు చాపాను. వాడు తీసుకోలేదు.

"చెయ్యి కాదమ్మా. మొగం చూపీ."

"పని మీద పోతాండావు నాయనా. తీసుకోని పో."

"శనివారం నువ్వు ఎదురు రాకపోతివి. పనైందా? సోమవారం నీ చెయ్యే చూసి పోతిని. పనైందా? నిన్న పోతే ఏమైంది? నువ్వు దాక్కొంటే అయ్యే పనైతే ఈపాటికి ఎప్పుడో అయిపోయుండాల్సింది."

కిటికీ కింద నుంచి భవ్య, "నాయన చెప్పేది లెక్కకు సరిగ్గానే ఉండాదవ్వా," అని నవ్వింది. అలివేలు ఏమైనా అంటుందేమో అని చూశాను. ఆమె ముద్దలు చేస్తూ తల ఎత్తకుండానే, "నిల్చో అత్తా, ఆ యప్పకు బస్సు పోతాది," అంది.

"ఎదురుగా నిల్చోని పోయిరా అను. అనేదాకా నేను కదల్ను," అన్నాడు వాడు.

వచ్చి నిలబడ్డాను. కడ్డీలు రెండు చేతులతో పట్టుకొన్నాను. పోయిరా నాయనా అన్నాను. వాళ్ల నాయన పోయినాక ఆ మాట వాడి ముఖం చూసి అనడం ఇదే మొదలు. వాడికి చెవుల దగ్గర వెంట్రుకలు నెరిశాయి, నేను చూసుకోలేదు. వాడు పోతూ పోతూ వెనక్కి తిరిగి చూశాడు. వెనక్కి చూడకూడదని అరవబోయి నోరు మూసుకొన్నాను. ఆ సందట్లో అర్జీ నా చేతిలోనే ఉండిపోయింది.

మధ్యాహ్నం అంజనప్ప ఫోను మోగింది. మాట్లాడి, మొదటిసారిగా కిటికీ వైపు తిరిగి నన్ను చూసి చెప్పాడు.

"అవ్వా, పెద్దసారు క్యాంపు నుంచి వచ్చినారంట. నాగరాజన్న నిలబడి అంతా చెప్పినాడంట. శుక్రవారం పదకొండు గంటలకు ఆయనే వస్తారంట. లైసెన్సు కాగితం మాట ఈడికొచ్చినాక చూస్తామన్నారంట."

"శుక్రవారం పదకొండంటే రాహుకాలం కదత్తా. మార్చమని చెప్పిస్తామా?" అంది అలివేలు.

చాలా సేపు ఆలోచించాను. వద్దన్నాను.

అయ్యా, అర్జీ అందకముందే తమరు ఒప్పుకొన్నారు. అయినా దీన్ని అంజనప్ప చేతికి ఇచ్చి పంపుతున్నాను, కొట్టివేసిన కలం కొట్టివేసినట్టే తమరి చేతికి అందాలని. రాహుకాలం గురించి రాసిన 'ఈ' అనే కలాన్ని కూడా లెక్కలోకి తీసుకోవద్దు. కాగితం ఏమవుతుందోనని భయం ఉంది. ఇన్‌స్పెక్టరు గారిని ఏమంటారోనని భయం ఉంది. వాన భయం ఉంది. అవన్నీ ఉన్నాయి. కానీ తమరు పక్కకు నిలబడనక్కర లేదు, అలివేలును ముందు పెట్టుకోనక్కర లేదు. ఇన్‌స్పెక్టరు గారిని కూడా వెంట తీసుకురావలెను, దగ్గుకు మిరియాల కషాయం కాచి ఉంచమని చెప్పాను. గ్లాసులన్నీ తుడిచి బోర్లించాను. పీపా వెనక ఎవరూ ఉండరు. తలుపుకు ఎదురుగా నిలబడి ఉంటాను, తీయగానే తమరు మొదట చూసేది నన్నే.

శుక్రవారం, జూలై నాలుగో తేదీ, పదకొండు గంటలకు.